పని కూడా ఒక విలువే

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను పిలిచి, "నువ్వు సాఫ్ట్‌వేర్‌ల ఉన్నవు కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదన్న చెప్పు" అన్నారు. ఏ కోర్సు చదివితే ఏ ఉద్యోగం వస్తుందో చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్లు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక్క సంగతే చెప్తాను. అది ప్రోగ్రాములు రాసేవాళ్ల ప్రపంచంలో తరాలు మారినా మారకుండా నిలబడ్డ ఒక ఆలోచన. అది అందక మన పిల్లలు కొందరు బీటెక్ మొదటి ఏడాదిలోనే "ఇది మనవల్ల కాదు" అనుకుంటున్నారు. నిజానికి అది అర్థం కావడానికి కావలసిన సరుకంతా మన చిన్న మంగళారంలోనే, మనం చదివిన లెక్కల పుస్తకంలోనే ఉంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అంతే.

ఆ ఆలోచనను ఇంగ్లీషులో 'ఫంక్షన్లు ఫస్ట్ క్లాస్ విలువలు' అంటారు. ఫంక్షన్ అనగానే మనకు గుర్తొచ్చేది ఫంక్షన్ హాలు. మొయినాబాద్ దాటి చేవెళ్ల దాకా రోడ్డు పొడుగునా అవే కదా! ఆ ఫంక్షన్ వేరు. ఈ ఫంక్షన్‌కు మన లెక్కల సార్లు చెప్పిన తెలుగు పేరు ప్రమేయం.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. పదో తరగతి లెక్కల పుస్తకంలో ప్రవచనాలు, సమితులు అయిపోయాక ప్రమేయాలు అనే పాఠం వచ్చేది. బోర్డు మీద కోడిగుడ్ల లాంటి రెండు బొమ్మలు గీసి, ఒకదాని నుంచి ఇంకోదానికి బాణాలు వేసేవాళ్లం. ప్రదేశం, సహప్రదేశం, వ్యాప్తి, అన్వేకం, సంగ్రస్తం. ఈ మాటలు వినగానే ముందు వరుసలో కొందరు నవ్వుతున్నారు, అంటే మర్చిపోలేదన్నమాట. ఆ పాఠం చివర సంయుక్త ప్రమేయం ఉండేది. ఎఫ్, జి అని రెండు ప్రమేయాలిచ్చి, రెండూ కలిపితే వచ్చే కొత్త ప్రమేయం ఏమిటని అడిగేవారు. గ్యారంటీగా వచ్చే ప్రశ్న కాబట్టి మార్కుల కోసం చేశాం, దాటిపోయాం.

అక్కడ జరిగినదాన్ని ఒకసారి ఆగి చూడండి. అప్పటిదాకా ప్రమేయం అంటే సంఖ్యను తీసుకొని ఇంకో సంఖ్యను ఇచ్చేది. సంయుక్త ప్రమేయం దగ్గరకు వచ్చేసరికి మనం రెండు ప్రమేయాలను తీసుకొని మూడో ప్రమేయాన్ని తయారుచేశాం. అంటే పనులనే వస్తువుల్లాగా చేతిలో పట్టుకున్నాం. రెండు సంఖ్యలు కూడితే ఇంకో సంఖ్య వచ్చినట్టే, రెండు పనులు కలిపితే ఇంకో పని వచ్చింది. నేను చెప్పే సంగతికి విత్తనం అదే.

ఇప్పుడు ప్రోగ్రామింగ్‌లోకి వద్దాం. కంప్యూటరు భాషలో విలువ అంటే సంఖ్య, పేరు, జాబితా లాంటివి. 5 ఒక విలువ. 'చేవెళ్ల' అనే మాట ఒక విలువ. విలువకు కొన్ని హక్కులుంటాయి. దానికి పేరు పెట్టి దాచుకోవచ్చు. దాన్ని ఒక పనికి చేతికివ్వొచ్చు. ఒక పని అయ్యాక ఫలితంగా అది మన చేతికి రావొచ్చు. పదింటిని కలిపి జాబితాలో పెట్టొచ్చు. సంఖ్యలకు ఈ హక్కులన్నీ ఉంటాయి. మరి 'కూడటం', 'ఏరడం', 'లెక్కగట్టడం' లాంటి పనులకు ఈ హక్కులుంటాయా? చాలా పాత భాషల్లో ఉండేవి కావు. పని పేరు పిలిస్తే పని జరిగేది, అంతే. ఏ భాషలో పనికి కూడా సంఖ్యకున్న హక్కులన్నీ ఉంటాయో, ఆ భాషలో ఫంక్షన్లు మొదటి తరగతి విలువలు అంటారు. ఈ మొదటి తరగతి, రెండో తరగతి పౌరుల పోలిక తెచ్చినవాడు క్రిస్టఫర్ స్ట్రాచీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త. 1967లో కోపెన్‌హేగన్‌లో జరిగిన వేసవి బడిలో పాఠాలు చెప్తూ ఆ తేడా చూపించాడు. మొదటి తరగతి అంటే ఎక్కువ గొప్పదని కాదు. మిగతా విలువలతో సమానమైన హక్కులున్నదని.

ఈ హక్కులుంటే ఏమవుతుంది, లేకపోతే ఏం పోతుంది? మన చుట్టుపక్కల గులాబీ తోటలున్నాయి. పొద్దున్నే పూలు కోసి, ఏరి, కట్టలు కట్టి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతాం. ఏరే దగ్గర ఏం జరుగుతుందో చూడండి. ఒకరోజు "కాడ పొడవున్నవి ఏరండి" అంటారు. ఇంకోరోజు "ఇంకా విచ్చుకోనివి ఏరండి" అంటారు. మరోరోజు ఎర్రవే కావాలంటారు. కుప్ప ముందు కూర్చోవడం మారదు. ఒక్కో పువ్వు తీసి చూడటం మారదు. అవునైతే కుడి బుట్ట, కాదంటే ఎడమ బుట్ట, అదీ మారదు. మారేది పువ్వును చూసి మనసులో వేసుకునే ప్రశ్న ఒక్కటే.

పనులకు హక్కుల్లేని భాషలో దీన్ని రాయాలంటే మూడు ప్రోగ్రాములు కావాలి: పొడవువిఏరు, మొగ్గలుఏరు, ఎర్రవిఏరు. మూడింటిలోనూ కుప్ప, బుట్టల గొడవంతా మళ్లీ మళ్లీ రాసుకోవాలి. రేపు "వాడిపోయినవి ముందే పారెయ్యండి" అని ఒక మాట కలపాలంటే మూడు చోట్లా దిద్దాలి. రెండు చోట్ల దిద్ది మూడోది మర్చిపోతే ఆ తప్పు ఎప్పటికో బయటపడుతుంది. పనులు విలువలైన భాషలో మాత్రం ఒకే ఒక్క 'ఏరు' రాస్తాం. దానికి రెండు ఇస్తాం, పూల కుప్ప ఒకటి, ప్రశ్న ఒకటి:

ఏరు(పూలు, పొడవుందా)
ఏరు(పూలు, మొగ్గేనా)
ఏరు(పూలు, ఎరుపేనా)

ఇందులో 'పొడవుందా' అనేది ఒక పని. పువ్వునిస్తే అవును, కాదు అని చెప్పే చిన్న పని. దాన్ని మనం చేయలేదు, 'ఏరు' చేతికిచ్చాం. ఎప్పుడు చెయ్యాలో, ఎన్నిసార్లు చెయ్యాలో 'ఏరు' చూసుకుంటుంది. రేపు ఎవరైనా "ముళ్లు తక్కువున్నవి కావాలి" అంటే కొత్త ప్రశ్న రాస్తే చాలు, 'ఏరు'ను ముట్టుకోనక్కర్లేదు. మారేదాన్ని మారనిదాని నుంచి విడదీయడమే దీంతో వచ్చే లాభం.

ఇక మన పిల్లలు ఎక్కడ తట్టుకుంటున్నారో చెప్తాను. రెండేళ్ల కింద దసరా సెలవుల్లో ఒక అమ్మాయి నన్ను కలిసింది. మన బడిలో తెలుగు మీడియంలో చదివి, ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చేరింది. "అన్నా, కాల్‌బ్యాక్ అంటే ఎన్నిసార్లు చదివినా తలకెక్కుతలేదు. క్లాసుల అడిగితే సిలబస్ అయిపోవాలె అంటున్నరు. ఇంట్ల చెప్పి బ్రాంచి మారుదామనుకుంటున్న" అన్నది. నోట్‌బుక్ చూపించమన్నాను. కాల్‌బ్యాక్ అంటే ఏమిటో ఇంగ్లీషులో అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. మరి ప్రోగ్రాము? తెర మీద బటన్ నొక్కితే జరగాల్సిన పని, పేజీ తెరవగానే జరిగిపోతోంది. బటన్ నొక్కితే ఏమీ కావడం లేదు.

నేను కంప్యూటరు పక్కన పెట్టి, "మీ బాయికాడ ఆటో స్టార్టరు ఉండెనా?" అని అడిగాను. ఉండేదన్నది. ఈ సభలో రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లందరికీ తెలిసిందే. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలై, ఆటో స్టార్టర్లు తీసెయ్యమని చెప్పారు. అంతకు ముందు కరెంటు విడతల వారీగా వచ్చేది. ఏ అర్ధరాత్రో వచ్చే కరెంటు కోసం బోరు దగ్గర కాపలా పడుకోలేక ఆటో స్టార్టరు పెట్టుకునేవాళ్లం. అది ఏం చేస్తుంది? కరెంటు వచ్చిన క్షణాన మోటరు వేస్తుంది. మనం సాయంత్రం పొలం నుంచి వచ్చేటప్పుడు మోటరు వెయ్యడం లేదు. మోటరు వేసే పనిని స్టార్టరుకు అప్పజెప్పి వస్తున్నాం.

ఈ రెంటికీ ప్రోగ్రాములో ఉన్న తేడా రెండు బ్రాకెట్లు:

కరెంటురాగానే(మోటరువెయ్యి)
కరెంటురాగానే(మోటరువెయ్యి())

మొదటి దాంట్లో 'మోటరువెయ్యి' అనే పనిని పేరుతో అప్పజెప్పాం. రెండో దాంట్లో పేరు పక్కన బ్రాకెట్లు పెట్టాం. బ్రాకెట్లు పెడితే ఆ పని ఇప్పుడే చెయ్యమని అర్థం. అది ఇప్పుడే జరిగిపోతుంది, దాని ఫలితం మాత్రమే స్టార్టరు చేతికి వెళ్తుంది. ఆ ఫలితంతో స్టార్టరుకు ఏం పని? అమ్మాయి ఒక్క నిమిషం చూసి, "అంటే కరెంటు లేనప్పుడే పోయి స్విచ్చు నొక్కి ఇంటికొచ్చినట్టన్నా" అన్నది. తన ప్రోగ్రాములో రెండు బ్రాకెట్లు తీసేసింది. బటన్ పనిచేసింది. బ్రాంచి మారలేదు. ఇప్పుడు తన జూనియర్లకు ఆటో స్టార్టరు కథ తానే చెప్తోంది.

ఆమెకు తెలివి తక్కువై కాదు, ఆలోచన కష్టమై కూడా కాదు. చిన్నప్పటి నుంచి కళ్ల ముందున్న సంగతికి, క్లాసులో విన్న ఇంగ్లీషు మాటకు మధ్య వంతెన వేసినవాళ్లు లేరు. అంతే. ఆ ఒక్క వంతెన లేక ఒక పిల్ల నాలుగేళ్ల చదువు దారి మార్చుకోబోయింది. ఇలా ఎవరికీ చెప్పకుండా దారి మార్చుకున్నవాళ్లు మన బడి నుంచే ఎందరున్నారో అని నాకు అప్పటి నుంచి అనిపిస్తూనే ఉంది.

ఇంకో మెట్టు ఎక్కుదాం. పనిని చేతికివ్వడం చూశాం. ఒక పని ఇంకో పనిని తయారుచేసి మన చేతికివ్వడం కూడా ఉంది. పాల కేంద్రం తీసుకోండి. లెక్క తేలిక కోసం లీటరు రేటు చేవెళ్లలో 40 రూపాయలు, మొయినాబాద్‌లో 42 అనుకుందాం. ఇవి ఉదాహరణకు వేసినవే, పాలు పోసేవాళ్లు నన్ను తిట్టకండి! 'రేటుపెట్టు' అనే పని రాస్తాం. దానికి రేటు ఇస్తే అది డబ్బులివ్వదు. లీటర్లు చెప్తే డబ్బులెన్నో చెప్పే ఒక కొత్త పనిని తయారుచేసి ఇస్తుంది:

చేవెళ్లలెక్క = రేటుపెట్టు(40)
మొయినాబాద్‌లెక్క = రేటుపెట్టు(42)

ఇప్పుడు చేవెళ్లలెక్క(5) అంటే 200. మొయినాబాద్‌లెక్క(5) అంటే 210. చేవెళ్లలెక్కకు మనం రేటు మళ్లీ చెప్పలేదు. అది పుట్టినప్పుడు తన చుట్టూ ఉన్న రేటును మూటగట్టుకొని వచ్చింది. ఇలా పుట్టిన చోటి విలువలను వెంట తెచ్చుకునే పనిని క్లోజర్ అంటారు. ఈ పేరు పెట్టినవాడు పీటర్ లాండిన్, 1964లో.

ఇక్కడే ఒక పాత చిక్కు ఉంది. చేవెళ్లలో పుట్టిన లెక్కను మొయినాబాద్ తీసుకెళ్లి వాడితే అది ఏ రేటు చూడాలి? పుట్టిన చోటిదా, ఇప్పుడున్న చోటిదా? పనులను చేతికివ్వడాన్ని గట్టిగా మొదలుపెట్టిన భాష లిస్ప్. 1958లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో జాన్ మెకార్తీ దాన్ని మొదలుపెట్టాడు. ఆ తొలినాటి లిస్ప్‌లో పని నడుస్తున్న చోట ఉన్న రేటే తీసుకునేది. చేవెళ్ల పాలకు మొయినాబాద్ రేటు పడేది! ఈ చిక్కు మీద చాలా ఏళ్లు తర్జనభర్జనలు జరిగాయి. 1975లో అదే ఎమ్.ఐ.టి.లో సస్‌మన్, స్టీల్ అనే ఇద్దరు స్కీమ్ అనే చిన్న భాష తయారుచేసి, లిస్ప్ కుటుంబంలో పుట్టిన చోటి విలువే చెల్లాలని స్థిరపరిచారు. ఇవాళ మన పిల్లలు నేర్చుకునే పైథాన్, జావాస్క్రిప్ట్ ఆ పద్ధతినే పాటిస్తాయి. ఎక్కడ నడిచినా పుట్టినూరిని మరవని పని అన్నమాట. పూర్వ విద్యార్థుల సభలో ఈ మాట వేరే విప్పి చెప్పక్కర్లేదనుకుంటా.

మెకార్తీ పేరు వచ్చింది కాబట్టి పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. ఆయన తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఆయన దగ్గర 1966లో పీహెచ్‌డీ పూర్తిచేసినవారిలో ఒకరు చిత్తూరు జిల్లా కాటూరు అనే పల్లెలో 1937లో పుట్టిన తెలుగువారు, దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకానికి రాజ్ రెడ్డిగా తెలుసు. మద్రాసు గిండీ కాలేజీలో ఆయన చదివింది సివిల్ ఇంజినీరింగు. డిగ్రీ చేతికొచ్చింది 1958లో, అంటే లిస్ప్ మొదలైన ఏడాదే. ఆయన పేరు వినిపించేది మనిషి మాటను కంప్యూటరుకు తెలిసేలా చేసిన పరిశోధనలో. 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం ఆయనకు వచ్చింది. ఆసియాలో పుట్టినవారిలో అది అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. 1998లో గచ్చిబౌలిలో మొదలైన ట్రిపుల్ ఐటీకి పాలక మండలి అధ్యక్షులుగా పనిచేశారు. పల్లె పిల్లల కోసం పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్ కూడా. ఈ ఆలోచనలు పుట్టిన గదుల్లోకి తెలుగు పల్లె నుంచి దారి లేదని ఎవరన్నా అంటే, 1960లలోనే ఉందని చెప్పండి.

లిస్ప్ కంటే ముందు ఏముంది? కంప్యూటర్లే లేని 1930లలో ప్రిన్స్‌టన్‌లో అలోంజో చర్చ్ అనే గణిత శాస్త్రవేత్త, ప్రమేయాలు తప్ప వేరే ఏ వస్తువూ లేని ఒక లెక్కల పద్ధతి కనిపెట్టాడు. గ్రీకు అక్షరం ల్యాంబ్డాతో రాస్తాడు కాబట్టి దాన్ని ల్యాంబ్డా కలనం అంటారు. పైథాన్‌లో పిల్లలు 'ల్యాంబ్డా' అని రాసేది ఆ అక్షరాన్నే. ఆ పద్ధతి రుచి చూపించే చిన్న ఆట చెప్తాను. ఇక్కడున్న మాస్టార్లు ఎనిమిదో తరగతిలో కూడా ఆడించొచ్చు. కంప్యూటరు అక్కర్లేదు, చిట్టీలు చాలు.

ఎర్ర చిట్టీల మీద సంఖ్యలు రాయండి. నీలం చిట్టీ మీద 'రెట్టింపు' అని రాయండి. అది ఎర్ర చిట్టీని తీసుకొని ఎర్ర చిట్టీనే ఇస్తుంది. 5 ఇస్తే 10. ఇప్పుడు పసుపు చిట్టీ మీద 'రెండుసార్లు' అని రాయండి. దానికి ఇవ్వాల్సింది సంఖ్యను కాదు, ఒక పనిని. అది ఆ పనిని రెండుసార్లు చేసే కొత్త పనిని ఇస్తుంది. పసుపు చిట్టీకి నీలం చిట్టీ ఇస్తే ఇంకో నీలం చిట్టీ వస్తుంది. దానికి 5 ఇస్తే 10, తర్వాత 20. అంటే రెండుసార్లు(రెట్టింపు) అనేది నాలుగింతలు చేసే పని. ఇప్పుడు అసలు ప్రశ్న వెయ్యండి. పసుపు చిట్టీకి ఇంకో పసుపు చిట్టీనే ఇస్తే? రెండుసార్లు చెయ్యడాన్ని రెండుసార్లు చెయ్యాలి. వచ్చేది 'నాలుగుసార్లు' అనే పసుపు చిట్టీ. దానికి రెట్టింపు ఇచ్చి, 5 ఇస్తే 10, 20, 40, 80. పిల్లలు కాసేపు గొడవపడతారు, పడనివ్వండి. చివర్లో ఈ మాట చెప్పండి: చర్చ్ పద్ధతిలో 2 అనే సంఖ్య అంటే ఈ పసుపు చిట్టీయే. ఇచ్చిన పనిని ఎన్నిసార్లు చెయ్యాలో చెప్పేదే సంఖ్య. పని విలువ కావడం అటుంచండి, విలువలే పనులుగా మారిపోయాయి.

ఇదంతా పండితుల ఆట అనుకునేవాళ్లకు రెండు మాటలు. అమీర్‌పేటలో జావా నేర్చుకున్న మన బ్యాచులవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక చిన్న పనిని ఇంకోదానికి అప్పజెప్పాలంటే ఆ పని చుట్టూ ఒక క్లాసు కట్టి, దానికో వస్తువు చేసి, ఆ వస్తువును పంపేవాళ్లం. ఒక్క పంక్తి పనికి ఐదారు పంక్తుల పెట్టె. 1990ల మధ్యలో వచ్చిన జావాలోకి ల్యాంబ్డాలు చేరింది 2014 మార్చిలో, ఎనిమిదో వెర్షన్‌తో. ఆ రోజు ఆఫీసుల్లో చాలామంది కొత్త పాఠం మొదలుపెట్టారు. స్కీమ్ లాంటిది ముందే రుచి చూసినవాళ్లకు మాత్రం అది పాత పాఠమే. సీ భాషలో పని చిరునామా పంపొచ్చు కానీ, ఆ పని తన ఊరి మూటను వెంట తెచ్చుకోలేదు. సగం హక్కు మాత్రమే.

ఇంకోటి. 2004లో గూగుల్‌లో పనిచేసే జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ మ్యాప్‌రెడ్యూస్ అనే పద్ధతి గురించి వ్యాసం ప్రచురించారు. ఆ ఆలోచన లిస్ప్ లాంటి భాషల్లోని మ్యాప్, రెడ్యూస్ అనే పనుల నుంచే వచ్చింది. వేల కంప్యూటర్లలో పరుచుకున్న సమాచారాన్నంతా ఒక చోటికి మోసుకురావడం కుదరదు. అందుకని చెయ్యాల్సిన పనినే ఆ సమాచారం ఉన్న యంత్రాల దగ్గరికి పంపుతారు. వడ్లన్నీ ఎక్కడికో మోసుకెళ్లకుండా నూర్పిడి మిషన్‌నే కల్లం దగ్గరికి తెచ్చుకోవడం లాంటిదే. పనిని వస్తువులా పంపగలిగితేనే అది కుదిరింది. ఆఫీసుల్లో ఎక్సెల్ వాడే అన్నలకు, అక్కలకు కూడా ఇది తగులుతుంది. 2020 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌కు కూడా ల్యాంబ్డా ప్రకటించింది. మీ సూత్రానికి మీరే పేరు పెట్టి, దాన్ని ఇంకో సూత్రం చేతికివ్వొచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అప్పగింతల మీద అప్పగింతలు పెట్టుకుంటూ పోతే ఏ పని ఎప్పుడు నడుస్తుందో రాసినవాడికే తెలియకుండా పోతుంది. మూటగట్టుకున్న విలువలు కంప్యూటరు జ్ఞాపకంలో చోటు పట్టుకొని కూర్చుంటాయి. మంచి పేరు పెట్టడం, అవసరమైనంత వరకే అప్పజెప్పడం, మామూలుగా రాస్తే సరిపోయే చోట మామూలుగానే రాయడం. మన పెద్దలు ఇంటి పనులు అప్పజెప్పేటప్పుడు పాటించే పద్ధతే ఇదీ.

ఇప్పుడు ప్రోగ్రాములు రాసిపెట్టే ఏఐ పరికరాలు వచ్చాయి, ఇక ఇదంతా నేర్చుకోవడం ఎందుకని పిల్లలు అడుగుతున్నారు. ఆ పరికరం రాసింది సరైనదో కాదో చూడాల్సింది మనమే. ఆ అమ్మాయి ప్రోగ్రాములోని రెండు బ్రాకెట్ల లాంటి తేడా కళ్లకు కనపడాలంటే, పని చెయ్యడం వేరు, పనిని అప్పజెప్పడం వేరు అనే సంగతి లోపల కుదురుకొని ఉండాలి. కోర్సుల పేర్లు నాలుగేళ్లకోసారి మారుతుంటాయి. చర్చ్ ఆలోచన 1930ల నుంచి మారలేదు. మన పిల్లలకు మారేవి నేర్పిస్తూ మారనిది వదిలేస్తే, ప్రతి నాలుగేళ్లకూ వాళ్లు మొదటి మెట్టు మీదే నిలబడాల్సి వస్తుంది.

చివరగా మూడు విన్నపాలు. మొదటిది గురువులకు. 2014లో పదో తరగతి లెక్కల పుస్తకం మారినప్పుడు సమితులు ఉన్నాయి కానీ, ప్రమేయాలు అనే విడి పాఠం లేకుండా పోయింది. పిల్లలు దాన్ని ఇంటర్ మొదటి సంవత్సరంలో, అదీ ఎంపీసీ తీసుకుంటేనే కలుస్తున్నారు. సమితుల పాఠం అయ్యాక ఒక్క పీరియడు ఈ చిట్టీల ఆటకు ఇవ్వండి. పరీక్షకు రాదు, కానీ బీటెక్‌కు వస్తుంది.

రెండోది మాటల గురించి. 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలై, ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఆ పద్ధతి బాగుంది. కాల్‌బ్యాక్, క్లోజర్ లాంటి మాటలకు కూడా పక్కన ఒక తెలుగు పేజీ ఉండాలి. ఇంగ్లీషు మాట నేర్చుకోవాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ ఆ మాట కింద ఆటో స్టార్టరు, పాల లెక్క ఉంటే అది కంఠస్థంగా మిగలదు, అర్థమవుతుంది.

మూడోది నాతోటి పూర్వ విద్యార్థులకు. చందాలిచ్చి గదులు కట్టించాం, ఇంకా కట్టిద్దాం. దాంతోపాటు ప్రోగ్రాములు రాసి బతుకుతున్న మనవాళ్లు నెలకు ఒక ఆదివారం రెండు గంటలు బడికి రావాలి. ఉపన్యాసాలు వద్దు. బీటెక్, డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు తమకు అర్థం కాని ఒక్కో ప్రశ్న తెచ్చుకుంటారు, దాని పక్కన మనం కూర్చుంటాం. మొదటి ఆదివారానికి నా పేరు రాసుకోండి. రెండో నెలకు ఎవరు వస్తారో సభ అయ్యేలోపు సంఘం కార్యదర్శి గారికి చెప్పండి. ఎర్ర, నీలం, పసుపు చిట్టీలు నాలుగు సెట్లు తెచ్చాను, లెక్కల సార్లకు ఇచ్చి వెళ్తాను.

నేను నా సంపాదనంతా ఈ బడిలో నేర్చిన ప్రమేయాలు పాఠం మీదనే నిలబెట్టుకున్నాను. ఆ పాఠం ఇంకో యాభై ఏళ్లు ఇక్కడి నుంచే పిల్లలకు అందాలని కోరుకుంటున్నాను.